కర్ణుడి చేతిలో ఒకే ఒక్క టోకెన్

మన కథల్లో మాంత్రికులకి ఒక పెద్ద సౌకర్యం ఉంటుంది. మంత్రం నోటికి వస్తే చాలు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వేసుకోవచ్చు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడినే చూడండి. 1957లో వచ్చిన ఆ సినిమా తీసింది మన వడపళనిలో ఉండిన వాహినీ స్టూడియోలోనే. అందులో ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేస్తాడు, పెళ్ళివంటలన్నీ ఒక్కడే లాగించేస్తాడు, పెళ్ళివారిని మాయలతో మూడు చెరువుల నీళ్ళు తాగిస్తాడు. ఎక్కడా ‘ఇవాళ్టికి నా మాయ అయిపోయింది, మిగతాది రేపు’ అనడు. లెక్క లేదు కాబట్టి మనకి భయమూ లేదు. హాయిగా నవ్వుకుంటాం.

అదే ఘటోత్కచుడు భారతంలో చనిపోయింది మాత్రం లెక్క ఉన్న ఆయుధం వల్ల. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఒకటి ఉంది. అది ఒక్కసారికే పనిచేస్తుంది. ఒక్క శత్రువుని చంపి తిరిగి ఇంద్రుడి దగ్గరికి వెళ్ళిపోతుంది. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచాడు, చివరికి ఘటోత్కచుడి మీద వేశాడు. “అయ్యో, వృథా చేసుకున్నాడు” అని మా అమ్మమ్మ దగ్గర్నుంచి అందరూ అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒక ఆట ఆడటం మొదలుపెట్టాక ఇంకోలా అనిపిస్తోంది. ముందు ఆ ఆట సంగతి చెప్పి, తర్వాత కర్ణుడి దగ్గరికి వస్తాను.

ఆట ఏమిటి?

దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేస్తే 1974లో మొదటిసారి అచ్చయింది. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక టేబులు, కాగితాలు, పెన్సిళ్ళు, రకరకాల పాచికలు ఉంటే చాలు. ఒకరు కథ నడిపిస్తారు, వాళ్ళని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తి పట్టే వీరురాలు, ఒకరు దొంగ, ఒకరు పూజారి, ఒకరు మాంత్రికురాలు. “గుహలోకి వచ్చారు, ఎదురుగా నలుగురు రాక్షసులు, ఏం చేస్తారు?” అని మాస్టర్ అడుగుతారు. మనం చెబుతాం, పాచిక వేస్తాం, కథ ముందుకి పోతుంది. హరికథ మధ్యలో శ్రోతలు లేచి “ఉండండి దాసుగారూ, నేను ఎడమ పక్క తలుపు తీస్తాను” అంటే ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుందన్నమాట.

మేం ఐదుగురం ఆదివారాలు ఆడతాం. మాటలు సగం తెలుగు, సగం తమిళం, రూల్స్ మాత్రం ఇంగ్లీషు. నాది మాంత్రికురాలి పాత్ర. నేను ఇక్కడ చెప్పే లెక్కలన్నీ 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌వి. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ అనే కంప్యూటర్ గేమ్‌కి కూడా ఆ ఎడిషన్ రూల్సే ఆధారం.

మంత్రాలు వేరు, టోకెన్లు వేరు

ఈ ఆటలో మంత్రం తెలియడం వేరు, దాన్ని వేసే అవకాశం ఉండటం వేరు. ఆ అవకాశాన్ని స్లాట్ అంటారు. నేను మాత్రం కొత్తవాళ్ళకి క్యాంటీన్ టోకెన్ అని చెబుతాను. క్యాంటీన్ బోర్డు మీద ఇరవై ఐటమ్స్ రాసి ఉండొచ్చు. చేతిలో రెండు టోకెన్లే ఉంటే దొరికేది రెండే కదా.

టోకెన్లలో చిన్నా పెద్దా ఉంటాయి. కాఫీ టోకెన్, టిఫిన్ టోకెన్, మీల్స్ టోకెన్ అనుకోండి. మీల్స్ టోకెన్ ఇచ్చి కాఫీ తాగొచ్చు, చిల్లర మాత్రం తిరిగి రాదు. కాఫీ టోకెన్ ఇచ్చి మీల్స్ అడిగితే కుదరదు. మంత్రాలూ అంతే. పెద్ద స్లాట్‌తో చిన్న మంత్రం వేయొచ్చు, తిరగేస్తే కుదరదు. కొన్ని చిన్న మంత్రాలకి పెద్ద టోకెన్ ఇస్తే కొంచెం ఎక్స్‌ట్రా బలం వస్తుంది, ఇంకో వడ వేసినట్టు.

మాంత్రికురాలికి ఒకటో లెవెల్లో రోజుకి 2 టోకెన్లు, రెండూ చిన్నవే. ఐదో లెవెల్‌కి వచ్చేసరికి మొదటి రకం 4, రెండో రకం 3, మూడో రకం 2, మొత్తం 9. ఆటలో అన్నిటికన్నా పై మెట్టు ఇరవయ్యో లెవెల్. అక్కడ కూడా మొత్తం 22 మాత్రమే, వాటిలో తొమ్మిదో రకం టోకెన్ ఒక్కటే. లోకాన్నే మార్చగల మాంత్రికురాలికి కూడా రోజుకి ఒక్కటే!

8 గంటలు విశ్రాంతి తీసుకుంటే టోకెన్లన్నీ మళ్ళీ వస్తాయి. కానీ ఇవాళ మిగిలినవి రేపటి లెక్కలో కలవవు. 24 గంటల్లో ఇలాంటి విశ్రాంతి ఒక్కసారే, అదీ శత్రువులు పడుకోనిస్తేనే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఒక రోజులో జట్టు మామూలు నుంచి గట్టి గొడవల దాకా ఆరు నుంచి ఎనిమిది తట్టుకోగలదని మాస్టర్ల కోసం రాసిన పుస్తకం చెబుతుంది. ఆరే అనుకుందాం. ఒక్కో గొడవలో నా వంతు నాలుగుసార్లు వస్తుందనుకుంటే మొత్తం 24 వంతులు. చేతిలో ఉన్నది 9 టోకెన్లు. మిగిలిన 15 వంతుల్లో ఏం చేయాలి? ఆట అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పొదుపు చేసే మార్గాలు

మొదటిది, ఉచితంగా వచ్చేదాన్ని ముందు వాడటం. టోకెన్ అక్కర్లేని చిన్న మంత్రాలు కొన్ని ఉంటాయి. ఫైర్‌బోల్ట్ అని ఒక నిప్పురవ్వ మంత్రం ఉంది. ఐదో లెవెల్లో అది తగిలితే సగటున 11 దెబ్బ. మ్యాజిక్ మిస్సైల్ అనే మంత్రానికి టోకెన్ కావాలి, దాని దెబ్బ సగటున పదిన్నర. అంటే టోకెన్ ఖర్చుపెట్టినా దెబ్బ ఇంచుమించు అంతే! తేడా ఏమిటంటే నిప్పురవ్వ గురి తప్పొచ్చు, మ్యాజిక్ మిస్సైల్ తప్పదు. కాబట్టి అది బలం కోసం కొనే మంత్రం కాదు, గ్యారంటీ కోసం కొనేది. ఈ ఒక్క దెబ్బ తప్పితే మనవాళ్ళలో ఒకరు పోతారు అన్న చోట దాన్ని వేయాలి. మామూలు చోట నిప్పురవ్వ చాలు.

రెండోది, ఒక టోకెన్‌తో ఎంతమందికి పని జరుగుతుందో చూడటం. ఫైర్‌బాల్ మూడో రకం మంత్రం, ఒక్కొక్కరికి సగటున 28 దెబ్బ, తప్పుకున్నవాళ్ళకి కూడా సగం. ఒక్కడి మీద వేస్తే 28. నలుగురు గుంపుగా నిలబడ్డప్పుడు వేస్తే 112. టోకెన్ అదే, వేసిన క్షణం వేరు.

ఈ కిటుకు మన భారతంలోనే ఉంది! ఆదిపర్వంలో కుంతి తనకి దుర్వాసుడిచ్చిన మంత్రాన్ని పాండురాజు బతిమాలితే మాద్రికి ఒక్కసారికని ఇస్తుంది. మాద్రి ఆలోచించి ఎవర్ని పిలిచింది? అశ్వినీ దేవతల్ని. వాళ్ళు ఇద్దరు కాబట్టి నకులుడు, సహదేవుడు ఇద్దరూ పుట్టారు. తర్వాత పాండురాజు ఇంకోసారి అడిగితే కుంతి ససేమిరా అంది. ఒక్కసారికని ఇస్తే ఇద్దర్ని సంపాదించిందే అని ఆవిడ బాధ. మా ఆటలో ఎవరైనా ఒక టోకెన్‌తో రెండు పనులు చేసుకుంటే మేం దాన్ని ‘మాద్రి లెక్క’ అంటున్నాం.

మూడోది, తొందర లేని పనికి టోకెన్ పెట్టకపోవడం. కొన్ని మంత్రాల్ని పది నిమిషాలు ఎక్కువ తీసుకుని తంతులాగా చేస్తే టోకెన్ ఖర్చు కాదు. తెలియని భాష అర్థం చేసుకునే మంత్రం, వస్తువులో మాయ ఉందో లేదో చూసే మంత్రం ఇలాంటివి. టైము ఉన్నప్పుడు టైమే ఇవ్వాలి, టోకెన్ ఎందుకు?

నాలుగోది పూజారి పాత్రకి సంబంధించింది. జట్టులో ఒకరికి దెబ్బ తగిలిన ప్రతిసారీ మంత్రం వేసి నయం చేస్తూ పోతే టోకెన్లు మధ్యాహ్నానికే అయిపోతాయి. హీలింగ్ వర్డ్ అనే చిన్న మంత్రం పడిపోయినవాళ్ళని దూరం నుంచే లేపి నిలబెడుతుంది. అందుకని అనుభవం ఉన్నవాళ్ళు చిన్న గాయాల్ని విశ్రాంతికి వదిలేసి, టోకెన్ని నిజంగా పడిపోయిన మనిషి కోసం ఉంచుతారు. వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ జట్టంతా ఇంటికి చేరేది అలాగే.

చదివింది మర్చిపోయే మాంత్రికులు

మంత్రాలకి ఇలా లెక్క పెట్టాలన్న ఊహ గైగాక్స్‌కి జాక్ వాన్స్ అనే రచయిత నుంచి వచ్చింది. 1950లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది డయింగ్ ఎర్త్’లో మాంత్రికులు మంత్రాల్ని కష్టపడి బట్టీ పడతారు. బుర్రలో ఒకసారికి నాలుగైదు మాత్రమే పడతాయి. ఒకటి వేయగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. మళ్ళీ కావాలంటే పుస్తకం తెరిచి మళ్ళీ బట్టీయే. 1974 నాటి మొదటి రూల్స్‌లో కొత్త మాంత్రికుడికి రోజుకి ఒకే ఒక్క మంత్రం. అది వేసేశాక ఆ రోజంతా అందరి వెనకా నక్కి ఉండాల్సిందే.

మర్చిపోయే మంత్రం మనకి కొత్త కాదు. పరశురాముడు కర్ణుడికి బ్రహ్మాస్త్రం నేర్పాడు, అబద్ధం చెప్పి నేర్చుకున్నాడని తెలిశాక సరిగ్గా అవసరమైన వేళ గుర్తుకు రాదని శపించాడు. వాన్స్ మాంత్రికులు వేశాక మర్చిపోతారు, కర్ణుడు వేయబోయే ముందు మర్చిపోయాడు. పరీక్ష హాల్లో కూర్చున్న మనకి ఇద్దరిలో ఎవరు దగ్గరో చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించండి. అస్త్రం వేయడాన్ని ప్రయోగం అంటాం, వెనక్కి తీసుకోవడాన్ని ఉపసంహారం అంటాం. రెండు పనులకి రెండు మాటలు మన భాషలో ముందే ఉన్నాయి. సౌప్తిక పర్వంలో అర్జునుడికి రెండూ వచ్చు, అశ్వత్థామకి మొదటిదే వచ్చు. అందుకే వేసిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోలేక ఉత్తర గర్భం మీదికి వదిలాడు. అదే అశ్వత్థామ ద్రోణపర్వంలో నారాయణాస్త్రం వేశాక, దుర్యోధనుడు మళ్ళీ వేయమంటే రెండోసారి వేయకూడదని, వేస్తే వేసినవాడి మీదికే తిరగబడుతుందని చెబుతాడు. టోకెన్ లెక్కలు కురుక్షేత్రంలో అందరికీ ఉన్నాయన్నమాట.

బీరువాలో పట్టుచీర

కొత్తగా ఆడేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం మొదటి గొడవలోనే టోకెన్లన్నీ పేల్చేస్తారు. వీళ్ళ సంగతి సాయంత్రానికి తెలిసిపోతుంది కాబట్టి త్వరగానే నేర్చుకుంటారు. రెండో రకం అసలు ఖర్చే పెట్టరు. “ముందు ఇంకా పెద్ద రాక్షసుడు వస్తాడేమో” అని దాస్తూనే ఉంటారు. రాత్రయి విశ్రాంతి తీసుకునేటప్పుడు చూస్తే ఏడు టోకెన్లు అలాగే ఉంటాయి, పక్కన ఇద్దరు స్నేహితులు దెబ్బలతో పడి ఉంటారు. ఈ రకం వాళ్ళు నేర్చుకోవడం కష్టం, ఎందుకంటే దాచుకోవడం చూడటానికి తెలివిలాగే కనిపిస్తుంది.

మన ఇళ్ళల్లో ప్రతి బీరువాలోనూ ఒక పట్టుచీర ఉంటుంది. “మంచి సందర్భానికి కడదాం” అని దాస్తారు. సందర్భాలు వస్తాయి, పోతాయి, ఏదీ అంత మంచిదిగా అనిపించదు. ఒకరోజు తీసి చూస్తే మడతల దగ్గర జరీ చిట్లి ఉంటుంది. ఆటలోనూ దాచిన మంత్రం విలువ తగ్గుతుంది. స్లీప్ అనే మంత్రం మొత్తం సగటున 22 పాయింట్ల ప్రాణబలం ఉన్నవాళ్ళని నిద్రపుచ్చుతుంది. ఒకటో లెవెల్లో అది ఒక గుంపునే పడేస్తుంది. లెవెల్స్ పెరిగి శత్రువుల ప్రాణబలం వందకి చేరాక అదే మంత్రం ఒక్కడికి కూడా ఆవలింత తెప్పించలేదు.

అందుకే టోకెన్ తీసేముందు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇప్పుడు వేయకపోతే ఏం పోతుంది? ఇదే పని టోకెన్ లేకుండా జరుగుతుందా? నేను దేనికోసం దాస్తున్నానో ఆ గొడవ దాకా మేం బతికి ఉంటామా? మూడోదే చాలామంది మర్చిపోతారు.

పద్నాలుగో రోజు రాత్రి

ఇప్పుడు కర్ణుడి దగ్గరికి వద్దాం. కవచ కుండలాలు కోసి ఇచ్చి సంపాదించిన శక్తి అది. ఇంద్రుడు దానికి షరతు కూడా పెట్టాడు. వేరే ఆయుధాలు ఉండగా, ప్రాణం మీదికి రాకుండా వేస్తే నీ మీదే పడుతుందన్నాడు. భీష్ముడు ఉన్న పది రోజులూ కర్ణుడు యుద్ధానికే రాలేదు. పదకొండో రోజు వచ్చాడు. దుర్యోధనుడి శిబిరంలో రోజూ రాత్రి “రేపు అర్జునుడి మీద శక్తి వెయ్యి” అనుకునేవారు, తెల్లారితే ఆ మాట ఎవరికీ గుర్తుండేది కాదు. అలా మరిపించింది తానేనని తర్వాత కృష్ణుడే చెబుతాడు.

పద్నాలుగో రోజు సైంధవుడు చనిపోయాక కూడా యుద్ధం ఆగలేదు, రాత్రి కూడా సాగింది. రాత్రిపూట రాక్షసులకి బలం ఎక్కువ. కర్ణుడి దగ్గర శక్తి ఉన్నంతకాలం అర్జునుడు అతనికి ఎదురుపడకూడదని కృష్ణుడు ఘటోత్కచుణ్ణి పంపాడు. కౌరవసేన చెల్లాచెదురైంది. ఈ రాత్రి మనమే మిగలకపోతే రేపు అర్జునుణ్ణి చంపేదెవరు, ఇప్పుడే వెయ్యి అని అందరూ కర్ణుడి మీద పడ్డారు.

నా మూడు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. వేయకపోతే ఏం పోతుంది? సైన్యమంతా. వేరే బాణాలతో పని జరుగుతుందా? అన్నీ వేసి చూశాడు, జరగలేదు. అర్జునుడి దాకా బతికి ఉంటారా? ఉండరు. ఇంద్రుడి షరతు కూడా ఆ క్షణానికి సరిపోతుంది. కాబట్టి ఆ రాత్రి శక్తి వేయడం వృథా కాదు, ఆ పరిస్థితిలో అదొక్కటే సరైన పని. పోగొట్టుకున్నది ఏదైనా ఉంటే అంతకుముందు గడిచిన మూడు రోజుల్లో పోగొట్టుకున్నాడు. ఎప్పుడు వేయాలో తను నిర్ణయించుకోలేదు, అందుకని ఎదుటివాడు నిర్ణయించాడు. మంచి డంజన్ మాస్టర్ చేసేది కూడా ఇదే. పెద్ద రాక్షసుడి గది ముందు చిన్న చిన్న గొడవలు పెట్టి మన టోకెన్లు పిండేస్తారు.

ఇంతవరకు నా ఆట లెక్క బాగానే పనిచేసింది. ఆ తర్వాతి ఘట్టంలోనే అది ఆగిపోతుంది. ఘటోత్కచుడు పడిపోతూ కూడా శరీరం పెంచి ఒక అక్షౌహిణి సైన్యాన్ని నలిపేశాడు. పాండవులు ఏడుస్తున్నారు. కృష్ణుడు మాత్రం సంతోషంతో అర్జునుణ్ణి కౌగిలించుకుంటాడు. ఇదేమిటని అర్జునుడే అడుగుతాడు. కర్ణుడి చేతిలో శక్తి పోయింది, ఇక నీకు భయం లేదన్నది కృష్ణుడి జవాబు. లెక్క ప్రకారం అది లాభమే, మూడు రోజుల తర్వాత పదిహేడో రోజున కర్ణుడు పడిపోయాడు కూడా. కానీ ఆ లెక్కలో ఖర్చయిన టోకెన్ రెండు వైపులా ఉంది. కర్ణుడిది శక్తి. కృష్ణుడిది ఘటోత్కచుడు.

ఆటలో టోకెన్లు 8 గంటలు పడుకుంటే తిరిగి వస్తాయి. హిడింబ కొడుకు తెల్లారి తిరిగి రాలేదు. భారతంలో ఈ ఘట్టం తెలుగులో కావాలంటే తిక్కనగారి ద్రోణపర్వం చూడండి, మన లైబ్రరీలో అడగండి. చదివాక రెండు ప్రశ్నలకి జవాబు చీటీ మీద రాసి ఈ కాగితం కింద గుచ్చండి, పేరు రాయకపోయినా ఫరవాలేదు. కర్ణుడి చోట మీరుంటే ఆ రాత్రి ఏం చేసేవారు? కృష్ణుడి చోట ఉంటే ఘటోత్కచుణ్ణి పంపేవారా?

మొదటిదానికి నా జవాబు పైన రాసేశాను. రెండోదానికి జవాబు ఇంకా వెతుక్కుంటున్నాను.